ఐసు పద్దు

లూసియానాలో, హూమా కోర్టుకి ఎదురుగా, రెండో అంతస్తు.
డబ్బు పుట్టుక కనుక్కోవడం నా పని.
ఏ ఏట ఎవరి కడుపున పుట్టింది,
ఏ ఖాతాలో కలిసింది,
కలిశాక ఎవరి ఇంటిపేరు పెట్టుకుంది.

క్లోవిస్ గిడ్రీ మూడు అట్టపెట్టెలు తెచ్చాడు, మూడూ రొయ్యల కంపు.
ఎర్లీన్ తెచ్చింది ఒక్క కవరు,
తేదీల వరసన గుండుసూది గుచ్చి.

పడవ పెళ్ళికి ముందుది. అతనిది.
ఇంజను పెళ్ళయిన పదకొండో ఏడు కొన్నది. ఇద్దరిదీ.
ఆ ఇంజనుతో ఆ పడవ పోయిన దూరమంతా ఎవరిదని
నేను అడగకూడదు.
అంకె వెయ్యాలి. వేశాను.

ఎర్లీన్ పిన్ని పోతూ రాసిచ్చిన చెరకు తోట
అమ్మితే నలభై ఒక్క వేలు.
మంగళవారం ఉమ్మడి ఖాతాలో పడింది,
గురువారానికి ఇంటిమీద కొత్త రేకులయింది.
మధ్యలో రెండు రాత్రులు
అతని సంపాదన పక్కన పడుకుంది.
ఆ రెండు రాత్రుల గురించే
లాయర్లిద్దరూ ఆర్నెల్లుగా కొట్టుకుంటున్నారు.

పాలు వేరు, నీళ్ళు వేరు చెయ్యమంటారు నన్ను.
ఇక్కడ పాలెక్కడివి?
ఏటి నీళ్ళూ, గల్ఫ్ ఉప్పునీళ్ళూ.
రొయ్య పెరిగేది ఆ రెండూ కలిసిన చోటే.

మూడో పెట్టె అడుగున ఒక నోటుపుస్తకం.
తుఫాను వచ్చిన ఏడాది, ప్రతి శుక్రవారం,
ఎర్లీన్ చేతిరాత: ఐసు, అరవై డాలర్లు.
ఆ ఏడాది పడవ ఒడ్డు దాటనే లేదు.
మరి ఐసెందుకు?

ఫోన్ చేశాను.
చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది.
"ఐసు ఫ్యాక్టరీలో ఆయనకి పనిచ్చారు కదా,
ఆ కూలి నేనే ఇచ్చేదాన్ని, వాళ్ళ చేతికి.
ఊరికే కూచుంటే మనిషి పాడైపోతున్నాడు.
మా నాయనమ్మ పియానో అమ్మాను.
వరదలో నానిపోయిందని చెప్పాను."

శుక్రవారం ఆమె సొంత డబ్బు,
శనివారం అతని కష్టార్జితం,
సోమవారం ఉమ్మడి ఖాతాలో జమ.
ముప్ఫై ఒక్క వారాలు.
చట్టంలో దీనికి గడి ఉంది, నాకు తెలుసు.
అడిగితే ఆమెకి కొంత వెనక్కొస్తుంది కూడా.

"రాయకండి," అంది.
"అసలా పుస్తకం ఎప్పుడో పారేశాననుకున్నాను."

ఎవరి పెట్టెలో దొరికిందో
ఆమె అడగలేదు.
పెన్సిల్ చెక్కుకుంటూ కూచున్నాను,
ఆ గంట ఎవరి బిల్లులో వెయ్యాలో తెలీక.