పధ్నాలుగో నిమిషం

ట్రోండ్‌హైమ్‌లో ఈ నెలంతా
పగలు మూడింటికే దీపాలు పెడతారు.
బధిరుల సంఘం మేడమీది గదిలో
నేను, ఒక హీటరు, అరవై ఏడు పాత టేపులు.
ఒక్కోటీ కంప్యూటర్లోకి దింపి
మబ్బులోకి పంపుతాను.

మబ్బంటే ఏం లేదు,
ఐర్లండులో ఎక్కడో కిటికీల్లేని షెడ్డు.
ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరివో ఫుట్‌బాల్ గోల్సు,
ఎవరి గుమ్మం కెమెరాకో చిక్కిన పిల్లి,
వాటి వెనకే వరసలో మా టేపు.
నిమిషానికి ఇంతని రేటు.

అక్కడి గుమాస్తా మహా పిసినారి.
కదలనిదాన్ని ఒక్కసారే రాసుకుంటాడు.
గోడ ఇందాకటి గోడే కదా,
మళ్ళీ సిరా ఎందుకంటాడు.
ఖర్చంతా కదిలేవాటికే.

మొదట వచ్చే హెచ్చరిక ఎప్పుడూ ఒకటే:
"ఈ ఫైలులో శబ్దం లేదు."
తెలుసు నాయనా.
పుట్టినప్పట్నుంచీ తెలుసు.

నలభై ఒకటో టేపులో మాగ్న్‌హిల్డ్ టీచరు.
బడి వెనక, కురిసే మంచులో నిలబడి
చేతుల్తో చెబుతోంది:
చిన్నప్పుడు సైగ చేస్తూ దొరికితే
వేళ్ళ మీద బెత్తం పడేదట.
పెదాలు చూడు, చేతులు దాచు.
బల్ల కిందే పెరిగిందట వాళ్ళ భాషంతా.

టేపు తిరిగొచ్చింది.
నాణ్యత: నూటికి తొంభై మూడు.
తెరిచి చూస్తే
మంచు అద్భుతం!
రాలే ప్రతి రేకూ కదలికే మరి,
ఉన్న బిట్లన్నీ దానికే ధారపోసి
టీచరు వేళ్ళ దగ్గరికొచ్చేసరికి
చేతులెత్తేశాడు గుమాస్తా.
పది వేళ్ళూ కలిసి రెండు పిండిముద్దలు.

మళ్ళీ దాచారు ఆమె చేతుల్ని,
ఈసారి ఎవరికీ కోపం లేకుండానే.

బిట్‌రేటు మూడింతలు చేద్దామని
కోశాధికారి ఒడ్వార్‌ని అడిగాను.
ఖాళీ అరచెయ్యి చూపించాడు.
"మంచు లేని టేపులు ముందు పంపు" అన్నాడు.
ట్రోండ్‌హైమ్‌లో,
మంచు లేని టేపులు!

నా కార్డు మీదే కట్టాను.
మొదటిసారి ఊరికే చూసి రమ్మన్నాను,
రెండోసారే రాయమన్నాను.
రాత్రంతా పట్టింది.
వేళ్ళు తిరిగొచ్చాయి,
గోళ్ళ పక్క పగుళ్ళతో సహా.
పధ్నాలుగో నిమిషంలో ఒక్క మాట తప్ప.
అక్కడ టేపే అరిగిపోయింది,
మబ్బునని లాభం లేదు.

ఆదివారం తీసుకెళ్ళి చూపించాను.
తొంభైకి దగ్గరపడ్డ టీచరు
ఆ ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పించింది.
తెరమీది మసకతో పాటు
తన చేతులూ గాల్లో కదిపి చూసుకుంది,
పాత తాళానికి తాళంచెవి వెతుకుతున్నట్టు.

"రొట్టె గురించి" అంది.
కాసేపాగి,
"కాదు, దొంగిలించిన రొట్టె గురించి."

ఎవరు దొంగిలించారని అడిగాను.

చేతులు రెండూ
దుప్పటి కింద పెట్టేసుకుంది.