ఒకే తల జత

మహేంద్రతనయ అవతల పాతపట్నం,
ఇవతల పర్లాకిమిడిలో మేము,
కొమ్ము కాలే వాసన ఎవరికీ వాసనే కాని ఇంట్లో.

సంతలో కొమ్ములు కొనేటప్పుడు
నాన్న ఒక్కటే అడిగేవాడు:
"ఒకే తల జతేనా?"
వేరువేరు తలలవైతే, చెక్కిన కొంగలు రెండూ
ఒకే మడిలో వాలినట్టు ఉండవట.

నాన్న పోయాక ఆ జతను విడదీసి
ఎడమది కూర్మన్నకు, కుడిది దాలన్నకు
పంచుతున్నది నేనే. పన్నెండేళ్ళు.
కటక్‌లో బహుమతి కొట్టిన రొయ్యకు
మీసాలు పెద్దన్నవి, ఒళ్ళు చిన్నన్నది.
కాగితం మీద మాత్రం
ఒక పేరుకే చోటుంది.

"ఆడికి కొమ్ములొచ్చీసినాయే" అంటాడు పెద్దన్న
ఆకురాయి ఆపకుండా.
"ఆయనకేటి, కొమ్ములున్నాయా?" అంటాడు చిన్నన్న
కనురెప్పల మీద కూడా కొమ్ముపొడితో.
నవ్వొస్తుంది. నవ్వను.
కుంపటి ఒకటే.
పొద్దుట ఆయనది, దీపాల వేళ ఈయనది.
నడి మధ్యాహ్నం నిప్పును బూడిద కింద దాచేదాన్ని నేను.

కొమ్ము మొదలంతా డొల్ల, మొనలోనే గట్టి.
బొగ్గుల మీద పట్టుకుంటే
మూడు గుక్కల ఊపిరంతసేపు మెత్తబడుతుంది.
వంచితే అప్పుడే వంచాలి.

రథయాత్రకు ముందు భువనేశ్వర్ కొట్టు నుంచి కబురు:
ముగ్గురు మూర్తులు, ఒకే పీట మీద.
తెల్లచార కొమ్ములో బలభద్రుణ్ణి పెద్దన్న,
కారునలుపులో జగన్నాథుణ్ణి చిన్నన్న.
మధ్యన గోడ. ఆకురాయి చప్పుడు విని
అవతలివాడి ఎత్తు లెక్కకట్టి
ఇవతలివాడు ఒక వేలు ఎక్కువ ఉంచడం.

గడువుకు రెండు రోజులుందనగా పీట మీద నిలబెడితే
ఇద్దరు దేవుళ్ళూ తాటిచెట్లు.
నడుమ ఖాళీ.
చెల్లెల్ని ఎవరూ చెక్కలేదు.
"ఆడు సేస్తాడనుకున్నాను."
"ఆయన సేస్తాడనుకున్నాను."
ఇద్దరూ నాతోనే చెప్పారు.

నునుపు పెట్టడమే ఎప్పుడూ నా పని,
బొగ్గుపొడి, కొబ్బరినూనె, పాత చీర పేలిక.
ఆ రాత్రి మాత్రం వాళ్ళు పారేసిన మొనముక్క తీసుకున్నాను.
అన్నలకు మొండిచేతులైనా ఉన్నాయి,
సుభద్రకు అవీ లేవు.
పని తొందరగానే తేలింది.

కానీ నిలబెడితే వాళ్ళ నడుము దాటలేదు.
కొమ్మును సాగదీసి పొడుగు చెయ్యలేం.
అరగదీయడమొక్కటే తెలుసు.
దీపం తగ్గించి, ఆకురాయికి తడిగుడ్డ చుట్టి పట్టుకుని,
ఇద్దరినీ పడుకోబెట్టి
అడుగున ఇటు కాస్తా అటు కాస్తా,
చప్పుడు ఎవరి చెవినా పడకుండా.

తెల్లారి గడపకు ఇటొకరు అటొకరు.
కంటితోనే కొలిచారు.
"ఎవులే ముట్టుకున్నది?"
రెండు గొంతులూ ఒక్కసారే.
తర్వాత ఒకరి మొహం ఒకరు
చూడబోయి, ఆగారు.

నేనేం మాట్లాడలేదు.
బూడిద తోసి చూశాను, లోపల ఎర్రగానే ఉంది.
ఊదుతూ కూర్చున్నాను.