మొండి

మా తాత పెంచలయ్య ఉదయగిరి కరువులో రైలెక్కి
బేసిన్ బ్రిడ్జిలో దిగాడు.
కార్పొరేషన్‌వాళ్లు పొడుగు కర్ర చీపురిచ్చి
పేరు పుస్తకంలో రాసుకున్నారు, ఇంకుతో.
ఇంకంటే అప్పట్లో మాటలు కాదు,
పులియాంతోపులో ఒక గది,
చచ్చేదాకా పింఛను.

నాయన పేరు పెన్సిలుతో రాశారు.
పర్మనెంటు చేస్తాం చేస్తామని పద్దెనిమిదేళ్లు.

నేను యాప్‌లో ఉన్నాను.
తెల్లారి అయిదున్నరకి పారీస్ కార్నర్‌లో నిలబడి
ఫోనుకి ముఖం చూపిస్తాను.
చెమట పట్టి ఉంటే అది నన్ను గుర్తుపట్టదు,
ఆ పూట నేను రానట్టే.
బీకాం పాసయ్యానన్న సంగతి
దానికి చెప్పే చోటు ఎక్కడా లేదు.

సాయంత్రం కాలేజీలో, ఆఖరి పరీక్షకి
అయిదు మార్కుల ప్రశ్న ఒకటొచ్చింది.
అరవంలో వారాక్కడన్. రాని అప్పు.
ఇంటికొచ్చి అమ్మకి మన మాటలో చెప్పాను,
మొండి బాకీ.
అమ్మ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.
"బాకీలు కూడా మొండికేస్తాయంటే!
నన్ననేది మా అమ్మ ఆ మాట."

ఆ పరీక్ష ఫీజు అమ్మ కమ్మలే.
నాలుగున్నర గ్రాములు.
గడియారమున్న బ్యాంకులో కుదవపెట్టాం,
నేను రోజూ ఊడ్చే మెట్లెక్కి.
మూడు నెలలు వడ్డీ తప్పింది,
నాయన స్టాన్లీ ఆస్పత్రిలో ఉన్న మూడు నెలలు.
వేలం నోటీసొచ్చింది, లాటు నంబరుతో సహా.
ఒక్క వారం ఆగమని అమ్మ అడిగింది.
ఆఫీసరు మంచివాడే. కుర్చీ వేయించాడు,
మంచినీళ్లిప్పించాడు,
సిస్టం ఒప్పుకోదమ్మా అన్నాడు.
మొండిచెయ్యి అంటే
కోపంగా చూపిస్తారనుకునేదాన్ని అన్నాళ్లూ.

మరుసటేడు బ్యాంకే కూలబోయింది.
ఎవరో పెద్దమనిషి
కట్టని రేవుకి, కొనని ఓడలకి
అప్పు తీసుకుని చేతులెత్తేశాడట.
శుక్రవారం షట్టరు దించారు.
రెండు రాత్రులు జనం మెట్లమీదే పడుకున్నారు,
పాసుపుస్తకాలు తలకింద పెట్టుకుని.
ఆదివారం వాళ్ల మధ్యనే ఊడ్చాను,
నీళ్ల ప్యాకెట్లు, టోకెన్ చీటీలు, తెగిన చెప్పొకటి.
ఒక ముసలాయన కాళ్లు ముడుచుకుని చోటిచ్చి
"నాదీ ఊడ్చేశారమ్మా" అన్నాడు.

సోమవారం ప్రభుత్వమొచ్చింది.
ఎన్ని వేల కోట్లో టీవీలో చెప్పారు,
సున్నాల దగ్గర నాకే లెక్క తప్పింది.
అబద్ధమెందుకు, నాకూ ఊపిరొచ్చింది.
నాయన పోయినప్పుడు తోటివాళ్లు చందాలేసుకుని ఇచ్చిన
పదకొండు వేలు అందులోనే ఉన్నాయి.
అది మునిగితే మేమూ మునుగుతామన్నది నిజం.
మేం మునిగినప్పుడు
గడియారం ఒక్క నిమిషమైనా ఆగలేదన్నదీ చూశాను.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు.
అమ్మ గురించి అనుకున్నాను ఇన్నాళ్లూ.
కాదు, బాకీ గురించి.
దాని దగ్గరికి రాజే నడిచొచ్చి
కట్టి, దణ్ణం పెట్టి వెళ్లాడు.
నాలుగున్నర గ్రాములకి మొండితనం చెల్లదు,
దాన్ని తప్పు అంటారు.

మా కాంట్రాక్టరు రెండు నెలలకొక చీపురిస్తాడు.
నాలుగో వారానికే మొండిదైపోతుంది.
అది అరిగినంత నేను వంగాలి.
తాత ఫొటోలో నిటారుగా ఉంటాడు,
చీపురు ఆయన భుజం దాటి ఉంటుంది.

కొత్త చీపురొచ్చిన రోజు
అమ్మ సన్నటి ఈనెపుల్లలు రెండు విరుచుకుంటుంది,
కమ్మలుండే చోట పెట్టుకోవడానికి.
"ఇంకా ఎందుకే" అంటాను.
"పూడిపోతే మళ్లీ కుట్టించుకోవాలి" అంటుంది,
అద్దం వంక తిరిగి, రెండో చెవి వెతుక్కుంటూ,
"దానికీ డబ్బులే కదా."