పని చెప్పిన నీళ్ళు

ఎచ్చెర్లలో ఆదివారం. లేబొరేటరీలో నేనూ,
ట్యూబులైటు వెనక బల్లీ,
ముప్పై రెండు బొత్తాం సెల్లులూ.

నౌపడ ఉప్పుమడుల్లో పెరిగినదాన్ని.
ఉప్పునీళ్ళు ఇనుముని ఎలా తింటాయో
బడికన్నా ముందే
మా తలుపు గడియ చెప్పింది.

ఇక్కడ తినేది జింకుని.
టెక్కలి ఎరువుల కొట్లో
వరిచేలకని అమ్మే జింకు సల్ఫేటే
నీళ్ళలో కరిగితే నా ద్రావణం.
ఛార్జి ఎక్కించిన ప్రతిసారీ
జింకు తిరిగొచ్చి రేకు మీద సర్దుకు కూర్చోవాలి.
కూర్చోదు.
ఎక్కడో కాస్త మిట్ట కనబడితే చాలు,
రేషన్ బండి చుట్టూ జనంలా
అంతా అక్కడికే తోసుకొస్తుంది.
మిట్ట ముల్లవుతుంది, ముల్లు మొగలిపొదవుతుంది.
మధ్యనున్న పల్చటి కాగితాన్ని పొడిచి
అవతలిగట్టు తాకిందా,
సెల్లు చచ్చినట్టే.

నూట నలభై సార్లకి ఒకటి పోయింది.
రెండొందల పదికి ఇంకోటి, కడుపుబ్బి.
ఎవర్ని తిట్టను? నీళ్ళనా?
నీళ్ళే మోస్తాయి, నీళ్ళే కొరుకుతాయి.

ఫోన్లో అమ్మకి చెప్పుకున్నాను.
తవిటమ్మకి బ్యాటరీ అంటే టార్చిలైటు.
కాసేపు విని అంది:
"కాలీగున్న నీలే కదేటే కొరుకుతాది, గుంటా.
దానికేదో పని సెప్పు."

చెప్పాను.
వంద మిల్లీలీటర్లకి రెండు గ్రాముల సార్బిటాల్,
దగ్గుమందులో తీపికి కలిపేదే.
దాని ఒంటినిండా చేతులు.
ఊరికే తిరిగే నీళ్ళని పట్టుకు కూర్చోబెట్టింది.
మిట్టల మీద తనే ముందెళ్ళి వాలి
జింకుని పల్లంలోకి పొమ్మంది.

మూడొందలు. ఐదొందలు.
గీత పడిపోలేదు.
ఆశకొద్దీ ఇంకో సెల్లులో పది గ్రాములు పోశాను:
ద్రావణం చిక్కబడి, జింకు నడవలేక మొరాయించింది.
తీపికైనా కొలత ఉంది.

ఎనిమిది వందల పన్నెండో సారి దగ్గర
కరెంటు పోయింది.
కళింగపట్నం వైపు నుంచి గాలి.
జనరేటరు తాళం వాచ్‌మన్ లింగరాజు జేబులో,
లింగరాజు పొందూరులో.

చీకట్లో నవ్వొచ్చింది.
కరెంటు దాచుకునే వాటి మధ్య కూర్చుని
కరెంటు కోసం చూస్తున్నాను.
ముప్పై రెండూ కలిసినా
నెత్తి మీద ఫ్యాను రెక్క కదలదు.

సెల్‌ఫోన్ వెలుగులో నోటుబుక్కు తీసి రాశాను:
ఎనిమిది వందల పన్నెండు. ఆగింది సెల్లు కాదు, లైను.
ఆ పైన, 'కలిపినవి' అన్న గడిలో
సార్బిటాల్ పక్కనే చిన్నక్షరాలతో
'అమ్మ మాట, ఒకటి.'

రేపు సారు అడుగుతారు,
ఎంత శాతమని.