ఇంజనుకో చెవి

వంటబల్ల మీద మూడు పెట్టెలు.
పాలగ్లాసు పక్కకి జరిపి చోటు చేశాను.
బయట మైనస్ ఇరవై ఆరు.
షెడ్డులో ఎనభై తొమ్మిది మోడల్ వోల్వో,
పాత మెదడు పీకేశాక,
బానెట్ ఎత్తుకుని, వైర్లన్నీ వేలాడేసుకుని
ఆవులింత మధ్యలో ఆగిపోయినట్టుంది.

టర్బో బిగించింది నేనే, సెప్టెంబరులో,
పాల ట్యాంకరు డ్యూటీ దిగి వచ్చిన రాత్రుళ్ళు.
లావుపాటి ఇంజెక్టర్లు నాలుగు,
తుక్కు లారీ నుంచి ఊడదీసిన ఇంటర్‌కూలరు.
ఫ్యాక్టరీ మెదడుకి ఈ గాలి లెక్క అందదు:
ఉగ్గుగిన్నె పట్టుకుని
పహిల్వానుకి వడ్డించబోతుంది.

మొదటి పెట్టె కొత్తది.
నా రెండు నెలల జీతం, పైన ఇంకొంచెం.
అది రాని విద్య లేదట.
పద్నాలుగు రోజుల్లోగా వెనక్కి పంపొచ్చు.
ఇవాళ పదకొండోది.

రెండోది చేత్తో అతుక్కోవలసినది.
ఆకుపచ్చ పలక, సంచిలో ఆవగింజల్లాంటి రెసిస్టర్లు.
చవక. కానీ ఏ అర్ధరాత్రో రోడ్డు మీద ఆగిపోతే
తిట్టుకోడానికి నేను తప్ప మనిషి దొరకదు.

మూడోది ఎవరో వాడి అమ్మేసినది.
ర్యాలీ మానేశాడట, పెళ్ళాం మాటమీద కాదు, నడుం మాటమీద.
మూలన సొట్ట.
ల్యాప్‌టాప్‌కి కలిపితే ఇంకా లోపల అతని లెక్కలే:
గడులు గడులుగా పెట్రోలు,
గడులు గడులుగా నిప్పురవ్వ ఎప్పుడు పడాలో.
మూడువేల నాలుగు వందల దగ్గర, బూస్ట్ నిండుగా ఉన్నచోట,
నున్నటి కొండవాలులో ఒక్క గుంట.
టైమింగు రెండు డిగ్రీలు వెనక్కి.
ఎవరో అక్కడ జడుసుకున్నారు.

మా నాన్న ఓయివా
ముప్ఫై ఏళ్ళు కార్బురేటర్లు చూసినవాడు.
పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆన్చి,
చెక్కపిడి చెవికి ఆనించుకుని
కళ్ళు మూసుకునేవాడు.
లోపల నాక్ మొదలైతే, ముఖంలో ఒక కండరం కదిలేది.
కోతమిల్లు కుడిచెవిని ముందు తినేసింది,
ఎడమది ఇప్పుడు తింటోంది.
మూడు పెట్టెల్నీ అటూ ఇటూ తిప్పి చూశాడు,
ధర అడగలేదు, ఊరు అడగలేదు.
"వీటిలో వినేది ఏది?"
అన్నీ వింటాయి నాన్నా, అన్నాను గట్టిగా.
"అయితే, అది విన్నది ఎవడికి చెబుతుంది?"

ఆ ప్రశ్న
ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు.

కౌహవాలో హోలప్పకి ఫోను చేశాను.
యాభై కిలోమీటర్లలో డైనో ఉన్న మనిషి అతనొక్కడే.
కొత్తదాని పేరు చెప్తే మర్యాదగా దగ్గాడు.
రెండోదానికి నవ్వాడు.
మూడోదానికి, "దాని భాషే నాకొచ్చు, తీసుకురా."

ట్రెయిలరు మీద తీసుకెళ్ళాను.
గడులు చూసి, కళ్ళజోడు నుదుటికి తోసి,
ఆ గుంట దగ్గర వేలు పెట్టి ఆగాడు.
"ఇది నా చేతిరాతే.
ఆ రోజు పిస్టన్ పగిలింది.
వాడు స్టేజి మధ్యలో దిగి సిగరెట్టు అడిగాడు,
అంతకుముందు తాగేవాడు కాదు."
అని మొత్తం చెరిపేశాడు.
నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది.
"అది వేరే ఇంజను భయం, సోయింతూ.
నీది దేనికి భయపడుతుందో
దాన్నే అడుగుదాం."

నాలుగోసారికి అంటుకుంది.
వణికింది, దగ్గింది, పచ్చి పెట్రోలు కంపు కొట్టింది.
అతను చలి వరసలో నాలుగు శాతం కలిపాడు,
మళ్ళీ ఒకటి తీసేశాడు.
ఆ పక్కనే నాన్న, ఎవరినీ అడక్కుండా,
స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని నిలబడ్డాడు.
ఏమైనా వినపడిందో లేదో చెప్పలేదు.
తెర మీద గీత నిలకడగా సాగుతోంది.

పదమూడో రోజు కొత్త పెట్టెకి మళ్ళీ టేపు వేశాను.
వెనక్కి పంపే కాగితంలో 'కారణం' అని ఒక గడి.
వస్తువులో లోపం లేదు, అని రాసి,
కాసేపు పెన్ను కొరికి,
కింద ఇంకో ముక్క చేర్చాను:
మా ఊళ్ళో దీనితో మాట్లాడేవాళ్ళు లేరు.