తలుపు పక్క ఎర్ర చుక్క

వాల్దీవియాలో వాన రేకుల మీద పడితే
పక్కనున్న మనిషి మాటే వినిపించదు,
ఇక అలారం పెట్టె కీచుమనడం ఎంత!

వరసగా మూడు తెల్లవారుజాములు
పిల్లికి పాలు పోద్దామని ఒతీలియా తలుపు తీసింది.
మూడుసార్లూ సైరన్ వీధినంతా లేపి కూర్చోబెట్టింది.
నాలుగో రోజు ఎదురింటాయన పలకరించడం మానేశాడు.

అందుకే ఈ ఆదివారం ఎలిసేయో
పెట్టె మూత విప్పి, కళ్లజోడు నుదుటికెత్తి,
కందిగింజంత దీపానికి తీగలు కడుతున్నాడు.
పన్నెండు వోల్టులు దాని ప్రాణానికి ఎక్కువ;
దారిలో ఒక రెసిస్టర్‌ని అడ్డం కూర్చోబెట్టాడు.
మొదటిసారి వెలగలేదు.
పొడుగు కాలు ఏదో, పొట్టి కాలు ఏదో
వేలికొసతో తడిమి, తిప్పి కలిపాడు.

వెలిగింది.

"ఇది వెలుగుతుంటే ఇల్లు కాపలాలో ఉన్నట్టు,
తలుపు జోలికి పోకు. ఆరితే నీ ఇష్టం."

ఆమె తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ
చాలాసేపు చూసింది దాన్ని.
"నలభై ఏళ్లుగా నీ మొహం చూసి
పోల్చుకోలేక చస్తున్నాను.
నీకూ ఒకటి బిగించుకోరాదూ?"

అతను నవ్వాడో లేదో తెలీదు,
పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ ఉంది.