మూడు నెలల మెరుపు

శనివారం పొద్దున్నే కారు సామాన్ల దుకాణంలో
నాలుగో వరుస ముందు నిలబడ్డాను.
గులాబీ రంగు సీసా, నీలం సీసా,
చెరుకురసం రంగుది ఇంకొకటి.
ఒకటి కడుగుతానంటుంది, ఊరికే కడుగుతాను, అంతే.
ఒకటి కడిగి మైనం పూస్తానంటుంది.
ఇంకొకటి పింగాణీ పొర అంటూ ఏదో గొప్ప చెప్పి
వెల మాత్రం చిన్న అంకెల్లో దాచుకుంది.

నిరుడంతా గిన్నెలు తోమే సబ్బే వాడాను.
నురగ బాగా వచ్చేది, మనసుకి హాయిగా ఉండేది.
పక్కింటి మెర్విన్ కంచె మీద మోచేతులాన్చి
మూడు వారాలు చూసి
నాలుగో వారం ఇక ఉండబట్టలేక అన్నాడు:
"అమ్మాయ్, అది జిడ్డు వదిలించడానికి పుట్టిన సబ్బు.
నీ కారు మీద ఉన్నది జిడ్డు కాదు, దాని చర్మం."

కుంకుడుకాయలు గుర్తొచ్చాయి.
కళ్ళు మండించి, నూనె చుక్క మిగల్చకుండా ఊడ్చేసి
జుట్టుని పీచు చేసి వదిలే కుంకుడు రసం.
అదే సున్నిపిండి అయితేనా,
మట్టిని రాల్చి, తన పసుపు కాస్త, నునుపు కాస్త
ఒంటికి అప్పగించి పోతుంది.
నాకు సున్నిపిండి లాంటి సబ్బు కావాలని
కౌంటర్ దగ్గరి కుర్రాడికి ఎలా చెప్పను?
వాష్ అండ్ వ్యాక్స్ అన్నాను.
ఫోన్లోంచి తలెత్తకుండా వేలు చూపించాడు.

వయాల్లాలో దుమ్ము ఎర్రన.
గోడలు ఎర్రన, ఆరేసిన దుప్పట్లు ఎర్రన,
గాలి తిరిగిన రోజు సీగల్ రెక్కలూ ఎర్రనే.
వారమంతా ల్యాబులో ఈ దుమ్మునే తూకం వేస్తాను,
ఇనుమెంత, ఇసుకెంత, మిల్లీగ్రాములతో సహా.
నా జీతం అదే.
సాయంత్రం బయటికొచ్చేసరికి కారెక్కి కూర్చుని ఉంటుంది,
ఇంటిదాకా దిగబెట్టమన్నట్టు.

మెర్విన్ వేలికి శాండ్‌విచ్ సంచి తొడుక్కుని
బానెట్ మీద మెల్లగా నడిపించాడు. "నువ్వూ చూడు."
కంటికి నున్నగా ఉన్నదంతా
సంచి చాటు నుంచి గరగరమంది.
ఇనుప రవ్వలు. పెయింట్లోకి దిగబడి
ఒక్కొక్కటీ తన చుట్టూ తుప్పు సున్నా చుట్టుకుంటూ.
ఇది ఇంకెక్కడో కూడా నిజమే అనిపించింది గానీ
ఎక్కడో ఆలోచించలేదు. నీళ్ళు పట్టాలి.

రెండు బకెట్లు. ఒకదాంట్లో సబ్బు, ఒకదాంట్లో ఉత్త నీళ్ళు.
పైకప్పు నుంచి కిందికి. ఎండలో వద్దు.
గుడ్డ నేల మీద పడిందా, ఇక దాన్ని మర్చిపో.
"కేకు ముక్కయితే ఊదుకుని తిను.
గుడ్డని మాత్రం ఊదకు."

సీసా వెనక రాసి ఉంది: మూడు నెలల రక్షణ.
నవ్వొచ్చింది. నా కాంట్రాక్టూ అంతే.
మూడు నెలలు, మళ్ళీ మూడు నెలలు.
ఈసారి కాగితం ఇంకా రాలేదు.
కొలిమి చల్లారుస్తారట అని క్యాంటీన్లో ఒకరు,
కొత్త యజమాని వస్తాడట అని ఇంకొకరు.
అమ్మాల్సి వస్తే కారు మెరుస్తూ ఉండాలి.
ఉండిపోవాల్సి వస్తే మరీ మెరవాలి.

ఈ లెక్క మెర్విన్‌కి చెప్పలేదు.
ఓడల యార్డు మూసేసినప్పుడు తనకి పదిహేడేళ్ళని
అతనే చెప్పాడు, టైరు మీద నురగ తోస్తూ,
టైరుతో చెబుతున్నట్టు.

కడగడం అయ్యాక మగ్గుడు నీళ్ళు పోశాం.
నిన్నటిదాకా చాపలా పరుచుకుని బద్ధకించిన నీళ్ళు
ఒలికిన ఆవాల్లా చెల్లాచెదురుగా పరిగెత్తాయి.
ఆగిన బొట్టు ఒక్కొక్కదాంట్లో
బుల్లి పొగగొట్టం, తలకిందులుగా.

"బావుంది," అన్నాడు మెర్విన్.
అని, తలుపు పిడి కింద గోటితో గీకి
"ఇక్కడ వదిలేశావ్," అన్నాడు.

సోమవారం నుంచి ఉత్తరపు గాలి అంటోంది రేడియో.
బకెట్లు లోపల పెట్టలేదు.